ఇల్లు నగరిలో, బడి తిరుత్తణిలో... పిల్లవాడు ఎక్కడి లోకల్?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈఏపీసెట్, నీట్ ర్యాంకులు వచ్చే కాలంలో పత్రికల నిండా ‘లోకల్’, ‘నాన్ లోకల్’ మాటలే. ఒక ప్రాంతం కాలేజీల్లో 85 శాతం సీట్లు ఆ ప్రాంతం లోకల్ పిల్లలకే. ఎవరి సీట్లు ఎవరు ఎత్తుకుపోయారన్న వాదన బాగానే నడుస్తుంది. ఒక పిల్లవాడు లోకల్ ఎలా అవుతాడు, ఎలా కాకుండా పోతాడు అన్నది మాత్రం పెద్దగా అచ్చులో కనబడదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ధ్రువపత్రాల పరిశీలన దగ్గర తల్లిదండ్రులను ఏడిపించేది ఈ రెండో సంగతే. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక ఆనుకుని ఉన్న నేల కదా మనది.

ఆధార్‌లో ఊరి పేరు, రేషన్ కార్డు, నాన్న ఓటు, తాతల నాటి పట్టాదారు పాసు పుస్తకం... వీటిలో ఏదీ పిల్లవాడి లోకల్‌ను తేల్చదు. తేల్చేది బడి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఎలా అమలు చేయాలో 1979 నాటి జీవో 646 చెప్పింది. దాని ప్రకారం పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ప్రాంతం. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న పాత కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి లోకల్ మారిందేమో అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మారలేదు. తిరుపతి అయినా చిత్తూరు అయినా ఎస్వీయూనే. నెల్లూరు నుంచి వచ్చి తిరుపతిలో కలిసిన సూళ్లూరుపేట కూడా మొదటినుంచీ ఎస్వీయూనే.

ఇక లెక్క. ఇంజినీరింగ్, మెడిసిన్‌లకు అర్హత పరీక్ష ఇంటర్. పిల్లవాడు ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన సంవత్సరం నుంచి వెనక్కి నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరసగా ఒకే ప్రాంతంలోని బళ్లలో చదివి ఉంటే ఆ ప్రాంతానికి లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్లు చూస్తారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. వాటిలో ఎక్కువ ఏళ్లు ఏ ప్రాంతంలో గడిచాయో అక్కడి లోకల్. తెలంగాణలోని ఉస్మానియా (ఓయూ) కూడా కలిసి మూడు ప్రాంతాలున్న రోజుల్లో మూడు, మూడు, ఒకటిగా చీలి సమానమైతే చివర చదివిన చోటు చూసేవాళ్లు. ఇప్పుడు ఉన్నవి రెండే ప్రాంతాలు, ఏడు బేసి సంఖ్య కాబట్టి బడి చదువు విషయంలో ఆ చిక్కు లేదు.

ఈ లెక్కను మన పిల్లలకు వేసి చూద్దాం. తిరుపతిలో పది దాకా చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్లిన అమ్మాయి సంగతి చూడండి. నాలుగేళ్ల లెక్క రెండు ప్రాంతాలకూ కుదరదు. ఏడేళ్ల లెక్కలో ఐదు ఎస్వీయూ, రెండు ఏయూ. కాబట్టి ఎస్వీయూ లోకల్, భయం లేదు. పదో తరగతి నుంచే వెళ్లినా నాలుగు ఎస్వీయూ, మూడు ఏయూ. అప్పుడూ ఎస్వీయూనే. అదే ఐఐటీ ఫౌండేషన్ అంటూ తొమ్మిదో తరగతికే గుంటూరు హాస్టల్లో వేస్తే నాలుగేళ్ల లెక్క పూర్తిగా ఏయూకు పోతుంది. వెనక ఆరు, ఏడు, ఎనిమిది తిరుపతిలోనే చదివినా ఇక వాటిని ఎవరూ చూడరు. ఒక్క ఏడాది తేడాతో ప్రాంతం మారిపోతుందన్నమాట. ఎస్వీ మెడికల్ కాలేజీలో సీటు ఆశించే తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి టీసీ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఆ రోజున అందరూ అడిగేది ఫీజు గురించి, హాస్టల్ గురించే.

గురుకులాలు, సైనిక్ స్కూళ్ల పిల్లలకు ఇంకో రకం మెలిక ఉంటుంది. చిత్తూరు పిల్లవాడు ఆరు నుంచి పది దాకా గుంటూరు జిల్లా తాడికొండ గురుకులంలో చదివి ఇంటర్‌కు తిరుపతి వచ్చేస్తే అతడు ఏయూ లోకల్. ఐదేళ్లు అక్కడివి, రెండే ఇక్కడివి. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో పన్నెండు దాకా చదివినా ఏయూనే. పాత చిత్తూరు జిల్లా కలికిరి సైనిక్ స్కూల్లో చదివిన శ్రీకాకుళం పిల్లవాడు ఇదే లెక్కన మనవాడవుతాడు. ఇందులో అన్యాయం ఏమీ లేదు, నిబంధన అందరికీ ఒకటే. కాకపోతే ‘మాది చిత్తూరే కదా’ అని దరఖాస్తులో ఎస్వీయూ అని కొట్టేసి, పరిశీలనలో ఏయూ అని తేలాక కాలేజీల కోసం పెట్టుకున్న వెబ్ ఆప్షన్లన్నీ తారుమారు చేసుకునే వాళ్లను చూస్తే జాలేస్తుంది.

అసలు దెబ్బ సరిహద్దు మండలాలది. నగరి, పుత్తూరు వైపు నుంచి తిరుత్తణికి, చిత్తూరు వైపు నుంచి వేలూరుకు, పలమనేరు నుంచి ముళబాగిలు, కోలారుకు, కుప్పం నుంచి కేజీఎఫ్‌కు బడికి పోయే పిల్లలుంటారు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఇల్లు ఆంధ్రలోనే, నిద్రపోయేది ఆంధ్రలోనే. అయినా బడి అవతల ఉంది కాబట్టి నాలుగేళ్ల లెక్క కుదరదు, ఏడేళ్లూ రాష్ట్రంలో చదవలేదు కాబట్టి రెండో లెక్కా కుదరదు. ‘నివాసం చూస్తారంట కదా’ అని తహసీల్దారు సర్టిఫికెట్ పట్టుకొస్తారు. నివాసం చూసేది ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవని వాళ్లకు. ఏడాది చదువు మానేసిన వాళ్లకు, ప్రైవేటుగా కట్టి రాసిన వాళ్లకు ఆ పత్రం పనికొస్తుంది. తిరుత్తణి బడిలో హాజరు పడ్డ పిల్లవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే.

కుప్పం పిల్లవాడు ఆరు, ఏడు, ఎనిమిది కేజీఎఫ్‌లో చదివి, తొమ్మిదికి కుప్పం వచ్చేసి అక్కడే ఇంటర్ చేస్తే పూర్తి ఎస్వీయూ లోకల్. అదే తొమ్మిది, పది కేజీఎఫ్‌లో చదివి ఇంటర్‌కు వస్తే నాన్ లోకల్. మొదటివాడు మూడేళ్లు బయట ఉన్నాడు, రెండోవాడు ఆరు, ఏడు, ఎనిమిది ఇక్కడే చదివి రెండేళ్లే బయట ఉన్నా సరే ఫలితం ఇంతే. కాబట్టి సరిహద్దు బడిలో వేయక తప్పదనుకునే వాళ్లు కనీసం ఎనిమిది పూర్తి కాగానే వెనక్కి తెచ్చుకోవాలి. తొమ్మిది సగంలో వస్తే వివాదం. జూన్‌లో బడి తెరిచిన నాటికే ఇక్కడి అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఉండాలి.

హైదరాబాద్ సంగతి ఇటీవలే మారింది, ఇంకా చాలామందికి ఎక్కలేదు. విభజన చట్టం 95వ సెక్షన్ పాత ప్రవేశాల కోటాను పదేళ్లు కొనసాగించింది. 2024 జూన్ 2తో ఆ గడువు అయిపోయింది. అంతకుముందు హైదరాబాద్ కూడా లెక్కలో ఉన్న ప్రాంతమే కాబట్టి, తిరుపతిలో పది చదివి అక్కడ ఇంటర్ చేసిన పిల్లవాడు ఏడేళ్ల లెక్కలో ఎస్వీయూ లోకల్ అయ్యేవాడు. ఇప్పుడు తెలంగాణ చదువు తమిళనాడు చదువుతో సమానం. అన్నలు, అక్కలు వెళ్లొచ్చి సీటు తెచ్చుకున్నారని తమ్ముణ్ణీ పంపితే కుదరదు. పోనీ అక్కడ లోకల్ అవుతాడా అంటే, అక్కడా నాలుగేళ్లు కావాలి. తెలంగాణ వైద్య ప్రవేశాల్లో ఆ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. 2025లోనే ఆ రాష్ట్రం తన ఇంజినీరింగ్ తదితర ప్రవేశాల్లోని 15 శాతం సీట్లను కూడా తన వాళ్లకే పరిమితం చేసుకుంది. పిల్లవాడు రెండు చోట్లా నాన్ లోకలే.

నాన్ లోకల్ అంటే తలుపులు మూసినట్టు కాదు. 85 శాతం లోకల్‌కు పోగా మిగిలే 15 శాతంలో పోటీ పడవచ్చు. దానికి అర్హత వేరు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలి. బయట ఉద్యోగం చేసిన కాలం ఇందులో కలవదు. లేదా పిల్లవాడే పదేళ్లు ఇక్కడ ఉండాలి, అప్పుడు బయట చదివిన కాలం కలపరు. రాష్ట్రంలో పనిచేసే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల, స్థానిక సంస్థల, విశ్వవిద్యాలయాల ఉద్యోగుల పిల్లలకూ, వాళ్ల భర్త లేదా భార్యకూ అర్హత ఉంది. పదేళ్ల నివాస పత్రం తహసీల్దారు ఇవ్వాలి. గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే ర్యాంకుల కాలంలో రద్దీ వల్ల ఆలస్యమవుతుంది, కాబట్టి ఏప్రిల్‌లోనే పెట్టుకోవాలి. పత్రంలో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు’ అని ఉండాలి. ‘ఈ గ్రామ నివాసి’ అని ఒక్క వాక్యం రాసిచ్చిన పత్రాలు వెనక్కి వస్తాయి.

ఈ 15 శాతాన్ని ‘నాన్ లోకల్ కోటా’ అంటారు. అది తప్పు. అవి ఎవరికీ కేటాయించని సీట్లు. ముందు మెరిట్ మీద అందరికీ, లోకల్ పిల్లలకు కూడా. కాబట్టి మంచి ర్యాంకున్న ఎస్వీయూ పిల్లలు, ఏయూ పిల్లలు ముందుగా వాటినే తీసుకుంటారు. ఒక ప్రైవేటు కాలేజీలో 60 సీట్ల బ్రాంచి ఉందనుకోండి. కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. అందులో 15 శాతం అంటే ఆరు, మిగిలిన 36 లోకల్. ఆ ఆరింటిలోనూ ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 29 శాతం రిజర్వేషన్లు నడుస్తాయి. ఓసీకి మిగిలేవి మూడు. మూడింట ఒకవంతు ఆడపిల్లలకు పోతే రెండు. ఆ రెండు సీట్లకు రాష్ట్రమంతటి ర్యాంకులూ వరసలో ఉంటాయి. ఒక్క శాతం ఉన్న బీసీ-సీ పిల్లలకైతే ఆ ఆరింటిలో వాటా రోస్టర్ పాయింటు (రిజర్వేషన్ల వరసలో వచ్చే వంతు) దయ మీదే. నాన్ లోకల్ అయితే ‘కొంచెం ర్యాంకు తగ్గినట్టే కదా’ అని సర్దిచెప్పే ఏజెంట్లకు ఈ లెక్క చూపించాలి.

దీని అర్థం మన పిల్లలు బెజవాడ కాలేజీలకు ఆప్షన్ పెట్టకూడదని కాదు. అక్కడ ఎస్వీయూ పిల్లలు ఆ 15 శాతం సీట్లకే పోటీ పడాలి కాబట్టి నిరుడు సీటు వచ్చిన చివరి ర్యాంకును నమ్ముకోకూడదు. చివరి ర్యాంకుల పట్టికలో కాలేజీ ఏ రీజియన్‌దో రాసి ఉంటుంది. ఏయూ కాలేజీ ఎదురుగా కనబడే ఓసీ చివరి ర్యాంకు దాదాపు ఎప్పుడూ ఏయూ లోకల్ పిల్లవాడిదే. ఎస్వీయూ పిల్లవాడికి అంతకన్నా చాలా మెరుగైన ర్యాంకు కావాలి. ఇక్కడ మాత్రం బోర్డు తిరగబడుతుంది. ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ, అనంతపురం జేఎన్‌టీయూ మన పిల్లలకు సొంత ప్రాంతం. ఇష్టమైన ఏయూ కాలేజీలను పైన పెట్టుకోండి, కానీ వాటి కింద ఎస్వీయూ కాలేజీలు దండిగా పెట్టకుండా వదిలేస్తే మొదటి విడతలో ఖాళీ చేతులే.

ఎస్వీయూ ప్రాంతంలో ఉన్న ప్రతి సంస్థా మన లెక్కలోకి రాదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రాష్ట్రవ్యాప్త సంస్థ. వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అంతే. వీటిలో 85 శాతం సీట్లను పూర్వం ఏయూ, ఓయూ, ఎస్వీయూలకు 42, 36, 22 పాళ్లలో పంచేవాళ్లు. ఓయూ తీసేస్తే మిగిలేది 42కు 22. అంటే వంద సీట్లలో 85 లోకల్ అయితే ఏయూకు సుమారు 56, ఎస్వీయూకు 29. తిరుపతి నడిబొడ్డున ఉన్న మహిళా వర్సిటీలో తిరుపతి అమ్మాయి తన సొంత వాటాగా పోటీ పడేది ఆ 29కే. తిరుపతి పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ సీట్లను రాష్ట్రవ్యాప్తం చేసిన జీవో 120 మీద సీమలో అంత ఆందోళన జరగడానికి మూలం ఈ రాష్ట్రవ్యాప్త పంపకమే. ఆ పాళ్లు 1974 నాటివి. వాటిని ఇవాళ తిరిగి చూడమని అడగడం న్యాయమేనని మా అభిప్రాయం.

ఏర్పేడు ఐఐటీ, ఐసర్‌లలో లోకల్ కోటా ఉంటుందనుకునే వాళ్లకు ఒక్క ముక్క: లేదు, దేశమంతా ఒకటే వరస. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి ఉంటాయి. అక్కడ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం, అంతే. నాలుగేళ్లు లేవు, ఏడేళ్లు లేవు. తిరుపతి పిల్లవాడు చెన్నైలో పన్నెండు పాసైతే తిరుచ్చి ఎన్ఐటీకి సొంత రాష్ట్రం వాడు, తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి పరాయివాడు. ఈఏపీసెట్‌లో నాన్ లోకల్ అయిన హైదరాబాద్ ఇంటర్ పిల్లవాడికి వరంగల్ ఎన్ఐటీ మాత్రం సొంత రాష్ట్రమే. నీట్‌లో ప్రభుత్వ కాలేజీల 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి, దానికీ ప్రాంతంతో పని లేదు. మిగిలిన 85 శాతంలోనే మన ఎస్వీయూ, ఏయూ లెక్క మొదలవుతుంది. రెండు చోట్లా 85, 15 అనే అంకెలే ఉండటంతో ఒకదాన్ని ఇంకోటి అనుకునే వాళ్లు చాలామంది.

తిరుత్తణి పిల్లలకు ఇంకో దారి ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులోనే చదివి ఉంటే అక్కడి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు అర్హత వస్తుంది. అయితే అక్కడి కుల రిజర్వేషన్ మన పిల్లలకు వర్తించదు, ఓసీగానే చూస్తారు. కర్ణాటకలో ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్లు అక్కడ చదివి, టెన్త్ గానీ పీయూసీ గానీ అక్కడే పాసై ఉండాలి. కేజీఎఫ్‌లో చదివే కుప్పం పిల్లలు ఎటూ కాకుండా పోయే ముందు ఇది కూడా లెక్క వేసుకోవాలి.

పరిశీలన దగ్గర తెగని చిక్కులు కాగితాల్లో ఉంటాయి. స్టడీ సర్టిఫికెట్ బదులు టీసీ తెస్తారు. టీసీలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి గానీ ఏ ఏడాది ఏ తరగతి అన్నది ఉండదు. స్టడీ సర్టిఫికెట్‌లో ఆరు నుంచి ప్రతి తరగతికీ విద్యా సంవత్సరం, బడి పేరు, మండలం, జిల్లా, అడ్మిషన్ నంబరు, ప్రధానోపాధ్యాయుడి సంతకం, ముద్ర ఉండాలి. బడి మూతపడి ఉంటే రికార్డులు మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగాలి. రిజిస్టరు వెతికించడానికి వారాలు పడుతుంది. ఇక తమిళనాడు బళ్లలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా రాస్తారు, మన టెన్త్ మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఇద్దరు పిల్లలనిపిస్తుంది. ఆధార్, జనన ధ్రువపత్రం జత చేసి, అవసరమైతే తహసీల్దారుతో ‘ఇద్దరూ ఒకరే’ అని రాయించుకోవాలి.

ఇంకో మోసం ఉంది. పేరు ఒక ఊరి బ్రాంచిలో, చదువు ఇంకో ఊరి క్యాంపస్‌లో. తిరుపతిలోనే కూర్చుని చదివిన పిల్లవాడి హాల్ టికెట్‌పై కాలేజీ కోడ్ గుంటూరుదైతే రికార్డులో అతడు గుంటూరులో చదివినట్టే. ఇంటర్ ఫస్టియర్ హాల్ టికెట్ చేతికి వచ్చిన రోజునే కాలేజీ పేరు, జిల్లా చూడండి. రెండో ఏడు అయిపోయాక ఏం చేసినా ప్రయోజనం లేదు. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్ ఎక్కడ చదివినా మాత్రం లోకల్ మారదు, లెక్క మొదటిసారి ఇంటర్ రాసిన ఏడాదితోనే ఆగిపోతుంది.

కోర్సు మారితే అర్హత పరీక్ష మారుతుంది, దానితో లెక్కా జరుగుతుంది. పాలిటెక్నిక్ ప్రవేశాల పాలిసెట్‌కు అర్హత పరీక్ష టెన్త్ కాబట్టి చూసేది ఏడు నుంచి పది. ఎంటెక్‌కు బీటెక్. తిరుపతి పిల్లవాడు గుంటూరులో నాలుగేళ్ల బీటెక్ చేస్తే ఎంటెక్ ప్రవేశంలో ఏయూ లోకల్ అయిపోతాడు. ఉద్యోగాల లోకల్ ఇంకోటి. అది 1975 నాటి వేరే ఉత్తర్వు, చూసేది టెన్త్‌తో ముగిసే చదువు. కాబట్టి నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు దాచుకోవాలి. ఒకే మనిషి చదువుకు ఒక ప్రాంతం, ఉద్యోగానికి ఇంకో ప్రాంతం కావచ్చు.

పాఠశాల విద్యాశాఖకు మా విన్నపం ఒకటే. ఎనిమిదో తరగతి టీసీ ఇచ్చేటప్పుడు ఒక కాగితం జత చేయండి. ‘తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదివిన చోటే ప్రవేశాల్లో లోకల్‌ను నిర్ణయిస్తుంది’ అని ఒక వాక్యం చాలు. సరిహద్దు మండలాల బళ్లలో దాన్ని నోటీసు బోర్డు మీద తెలుగులోనూ తమిళంలోనూ అంటించాలి. దరఖాస్తులో ఆరు నుంచి ఇంటర్ దాకా జిల్లాలు నింపగానే ‘మీరు ఫలానా ప్రాంతం లోకల్, కారణం ఇది’ అని తెర మీద చూపాలి. నెట్ సెంటర్లో ఏడు గళ్లకూ ఒకే జిల్లా కొట్టేసే అలవాటు అప్పుడైనా తగ్గుతుంది.

రోజూ సరిహద్దు దాటి చదివి ఇంటికొచ్చే పిల్లలకు నివాసాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ అది జీవోతో అయ్యే పని కాదు. 371-డి కింద రాష్ట్రపతి ఉత్తర్వునే సవరించాలి, అంటే రాష్ట్రం ప్రతిపాదించాలి, కేంద్రం కదలాలి. ఎమ్మెల్యేలకు వినతిపత్రం ఇచ్చే సరిహద్దు తల్లిదండ్రులు దాని నకలు ఎంపీలకు కూడా ఇవ్వాలి.

ఇట్లు,
ప్రవేశాల ధ్రువపత్రాలు పరిశీలించే అధ్యాపకులు కొందరు,
తిరుపతి